ఊరి ఎన్నికల్లో తిరిగే యువతకు: అపోహలు – వాస్తవాలు

2013, 2019, 2025. మూడు పంచాయతీ ఎన్నికల్లో పాలమూరు వైపు ఊళ్లల్లో అభ్యర్థుల తరఫున కుర్రాళ్లను కూడగట్టి పని చేయించాను. నేను నిలబడలేదు, ఆ సరదా లేదు. పదిహేను మంది పోరగాళ్లను ఒక గుడి అరుగు మీద కూర్చోబెట్టి ఎవరు ఏ వాడకు పోవాలో తేల్చడమే నా పని. ప్రతిసారీ మొదటి రోజు వాళ్ల నోట అవే మాటలు. అవి, వాటికి నా జవాబులు ఇవి.

ముందుగా ఒక చిన్న మాట. కృష్ణకు అవతల, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మిత్రులతో ‘వాలంటీర్’ అంటే, 2019 ఆగస్టు 15న మొదలై యాభై ఇళ్లకు ఒకరు చొప్పున నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో పనిచేసినవాళ్లు గుర్తొస్తారు. నేను చెప్పేది వాళ్ల గురించి కాదు. జీతం లేకుండా, ఇష్టంతో ఒక అభ్యర్థి కోసం తిరిగేవాళ్ల గురించి.

అపోహ: ప్రచారమంటే బైకు ర్యాలీ, డీజే. అక్కడ కనపడితే చాలు.

వాస్తవం: 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో మా దగ్గర ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. అలాంటి ఊళ్లో ఒక వార్డుకు వంద ఓట్లుంటే ఎక్కువ. వంద ఓట్ల కోసం డీజే పెడితే గేదెలు బెదరడం తప్ప ఒరిగేదేమీ లేదు. అక్కడ పని చేసేది ఓటరు జాబితా, ఒక పెన్సిలు. జాబితాను వాడలో పెద్దమనిషి ఒకరి ముందు పెట్టుకుని ఒక్కో పేరూ చదవాలి. ఈమె పెళ్లయి వనపర్తి పోయింది. ఈయన పోయి రెండేళ్లయింది, పేరు తీయలేదు. ఈ ముగ్గురన్నదమ్ములు పుణెలో మట్టి పనికి పోయారు. ఈ ఇంట్లో నాలుగు ఓట్లు, మామకూ కోడలికీ మాటల్లేవు కాబట్టి రెండు ఇటు, రెండు అటు. ఇట్లా గుర్తులు పెట్టుకుంటూ పోతే, ‘మనకు తొంభై ఓట్లు ఖాయం’ అన్న ధీమా రెండో సాయంత్రానికే యాభై దగ్గరికి దిగుతుంది. కుర్రాళ్ల ముఖాలు వాడిపోతాయి. అసలు ప్రచారం మొదలయ్యేది అక్కడే.

అపోహ: మనవాడు అందరికీ తెలిసినవాడే, గుర్తు గురించి అంత చెప్పక్కర్లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ ఓట్లు పోగొట్టే అపోహ ఇది. పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. సర్పంచికి గులాబీ రంగు కాగితం, వార్డు సభ్యుడికి తెల్ల కాగితం. అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షర క్రమంలో పేర్చి ఆ వరుసలోనే గుర్తులిస్తారు. సర్పంచి గుర్తుల్లో మొదటిది ఉంగరం, తర్వాతిది కత్తెర. వార్డు సభ్యుల గుర్తులు వేరే, గ్యాస్ పొయ్యి, స్టూలు లాంటివి. అంటే ఒక ముసలమ్మ రెండు రంగుల కాగితాల మీద రెండు వేర్వేరు గుర్తులు వెతుక్కోవాలి. పైగా గుర్తు తెలిసేది ఉపసంహరణ గడువు అయ్యాకే. 2025 మొదటి విడతలో ఆ గడువు డిసెంబరు 3, మైకులు ఆగింది 9న సాయంత్రం. వారం కూడా లేదు.

2019లో మా అభ్యర్థి గుర్తు కత్తెర. ఓటేసి బయటికొచ్చిన అవ్వను మావాడొకడు ఆశగా అడిగాడు.

‘అవ్వా, మనకే వేసినవా?’

‘నీకు గాకుంటే ఎవరికేస్త బిడ్డా. పైన ఉన్నదానికే గుద్దిన.’

పైన ఉన్నది ఉంగరం. ఆ అవ్వకు మేం కరపత్రం ఇచ్చాం, దండం పెట్టాం, ఫొటో కూడా దిగాం. కత్తెర రెండోదని మాత్రం చెప్పలేదు. అప్పటి నుంచి నా లెక్క ఒకటే. ఇంటికి పోతే కరపత్రం తర్వాత, ముందు ఆ ఇంట్లో కత్తెర ఉంటే అడిగి తీసుకుని చేతిలో పట్టుకుని చూపించాలి. ‘గులాబీ కాగితం, పై నుంచి రెండోది’ అని వాళ్ల నోటితో చెప్పించాలి. ముద్ర వేశాక సిరా పక్క గుర్తుకు అంటకుండా ఎట్లా మడవాలో మామూలు కాగితంతో చేసి చూపాలి. చదువుకున్నవాళ్లకు ఇదంతా చిన్నతనంగా అనిపిస్తుంది కానీ, చెల్లని ఓట్లలో వాళ్లవీ ఉంటాయి.

అపోహ: రీల్ వైరల్ అయితే ఓట్లు అవే పడతాయి.

వాస్తవం: మా పక్కనే కొల్లాపూర్. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో బర్రెలక్కగా పేరుపడ్డ శిరీష అక్కడ ఈల గుర్తు మీద స్వతంత్రంగా నిలబడ్డారు. ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్లు సొంత ఖర్చుతో వచ్చి ఆమె వెంట తిరిగారు. రెండు రాష్ట్రాల్లో ఆమెను తెలియనివాళ్లు లేరు. చివరికి వచ్చిన ఓట్లు ఆరు వేల లోపే. ఒక నిరుద్యోగ యువతి పార్టీ, డబ్బు లేకుండా అన్ని తెచ్చుకోవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. అయితే ఫోనులో చూసినవాళ్ల ఓటు మరెక్కడో ఉంది, అక్కడ ఓటున్న అవ్వ చేతిలో ఫోనే లేదు.

ఊరి వాట్సాప్ గ్రూపు పనికొచ్చేది వలస పోయినవాళ్లకు పోలింగు తేదీ, గుర్తు చేరవేయడానికి. ఇక్కడే ఇంకో గుంట ఉంది. ‘బస్సు ఛార్జీలు ఫోన్‌పే చేస్తాం, వచ్చి ఓటేయండి’ అని ఉత్సాహంగా రాసేస్తారు. అది ప్రలోభం కిందికి వస్తుంది. రాసింది మీ నంబరు నుంచి, స్క్రీన్‌షాట్ ఎదుటివాళ్ల దగ్గర.

అపోహ: మేం డబ్బు పంచలేదు, అన్న ఇచ్చిన కవరు అందించాం, అంతే.

వాస్తవం: అందించడమే పంచడం. ఓటు కోసం ఇచ్చినా, తీసుకున్నా భారతీయ న్యాయ సంహితలోని 170వ సెక్షన్ ప్రకారం లంచమే. దొరికితే కేసు మొదట పడేది కవరు చేతిలో ఉన్న కుర్రాడి మీద, ఇచ్చి పంపిన అన్న మీద కాదు. పంపిణీకి ఎప్పుడూ డిగ్రీ పిల్లలనే ఎందుకు వెతుకుతారో ఆలోచించండి. మందు సీసాల బండి నడపడమూ ఇంతే. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను. నా జట్టులో ఎవరైనా కవరు ముట్టుకుంటే ఆ సాయంత్రమే జాబితా వెనక్కి తీసుకుంటాను. 2019లో ఇద్దరిని పంపేశాను. అందులో ఒకడు మా మేనల్లుడే, వాళ్లమ్మ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

అపోహ: ప్రచారంలో తిరిగితే సర్కారు కొలువు రాదు, పాస్‌పోర్టు ఆగుతుంది.

వాస్తవం: ప్రచారం నేరం కాదు. ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు మాత్రం తిరగకూడదు. కొలువుకు, పాస్‌పోర్టుకు అడ్డం పడేది క్రిమినల్ కేసు. అది కొట్లాట వల్ల రావచ్చు, ఇందాకటి కవరు వల్ల రావచ్చు. రాత్రి 10 దాటాక మైకు, గడువు ముగిశాక ప్రచారం కూడా కేసు దాకా తీసుకెళ్లగలవు. గడువంటే అసెంబ్లీ లెక్కలో 48 గంటలు అనుకుంటారు. తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో పోలింగు ముగిసే సమయానికి 44 గంటల ముందే ప్రచారం ఆగాలి.

అపోహ: ఇంటర్ పిల్లలైనా కరపత్రాలు పంచొచ్చు.

వాస్తవం: వద్దు. పిల్లలను ప్రచారంలో ఏ రూపంలోనూ వాడొద్దని కేంద్ర ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో పార్టీలకు గట్టిగా చెప్పింది. పంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘమైనా నేను అదే పాటిస్తాను. పదిహేడేళ్లు నిండినవాళ్లు ఉంటే ఓటరు నమోదుకు ఫారం 6 ముందుగానే పెట్టించండి. పంచాయతీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది, అక్కడ పేరు లేకపోతే ఇక్కడా ఉండదు. ఓటు పద్దెనిమిదికి, సర్పంచిగా నిలబడటం ఇరవై ఒకటికి.

అపోహ: ఆడపిల్లలకు ఈ తిరుగుడు ఎందుకు?

వాస్తవం: రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. ప్రచారం మాత్రం మగపిల్లల చేతుల్లో ఉంటుంది, వాళ్లు గడప దగ్గరే ఆగిపోతారు. అమ్మాయి అయితే వంటింటి దాకా పోయి పొయ్యి పక్కన కూర్చుంటుంది. నీళ్ల ట్యాంకు సంగతి, ఫలానా ఇంటాయన తాగుడు సంగతి, నిజంగా ఎటు వేస్తారన్న సంగతి అక్కడ తెలుస్తాయి. 2025లో మా జాబితాలో సరిగ్గా తేలిన పెన్సిలు గుర్తుల్లో సగానికి పైగా ఇద్దరు అమ్మాయిలు పెట్టినవే. చీకటి పడేలోపు ఇళ్లకు చేర్చడం, ఒంటరిగా పంపకపోవడం మాత్రం జట్టు నడిపేవాళ్ల బాధ్యత.

అపోహ: పోలింగు రోజు ఇక పనేముంది, బూతు దగ్గర నిలబడటమే.

వాస్తవం: బూతు దగ్గర నిలబడటమే తప్పు. 100 మీటర్ల లోపల ప్రచారం నిషేధం. పోలింగు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే. కూలికి పోయి వచ్చాక వేద్దామనుకునేవాళ్ల ఓటు పోయినట్టే. పది గంటలకు జాబితాలో ఎవరు రాలేదో చూసి ఇళ్లకు పోవాలి. 2 గంటల నుంచి లెక్కింపు, ఆ సాయంత్రమే ఉపసర్పంచి ఎన్నిక. చెక్కుల మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకమూ కావాలి కాబట్టి వార్డు సభ్యులను పట్టించుకోకుండా సర్పంచి గెలుపు ఒక్కటే చూసుకున్నవాళ్లకు ఆ సాయంత్రమే తలనొప్పి మొదలవుతుంది.

అపోహ: ఫలితం రాగానే మన పని అయిపోయింది.

వాస్తవం: ఖర్చు లెక్క ఎవరు రాస్తారు? ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచి అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షన్నర, అంతకు మించితే రెండున్నర లక్షలు. మీరు తిన్న టిఫిన్లు, పోయించుకున్న పెట్రోలు కూడా అందులోవే. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్క ఇవ్వాలి, ఓడినవాళ్లూ ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. ఓడిన అభ్యర్థి ఇంట్లో ఆ వారం ఎవరూ బిల్లుల మాట ఎత్తరు. 2019లో కత్తెర ఓడిపోయాక నేనూ, డిగ్రీ రెండో ఏడాది పిల్లాడొకడూ మూడు సాయంత్రాలు చిల్లర చీటీలు పేర్చి లెక్క రాశాం. మొన్న డిసెంబరులో అదే పిల్లాడు వార్డుకు నిలబడ్డాడు. ఏ రోజు ఖర్చు ఆ రోజే రాసుకున్నాడు.