చెవిడొప్ప చేసే మిక్సింగ్

డిసెంబరు సంగీత ఉత్సవాల రోజుల్లో చెన్నై సభలకు కాస్త ముందుగా చేరుకున్నవాళ్లకు, కచేరీ మొదలుకాకముందే ఒక చిన్న ప్రయోగం చూసే వీలు దొరుకుతుంది. వేదిక మీద మృదంగ విద్వాంసుడు ఎడమ వైపు తోలు మధ్యలో తడి రవ్వ ముద్దను అద్ది, అరచేత్తో కొట్టి చూసి, కొంచెం గిల్లి పక్కన పెడతాడు. మళ్లీ కొట్టి చూస్తాడు. హాలు వెనక బల్ల దగ్గర కూర్చున్న సౌండ్ ఇంజనీరు అదే దెబ్బను విని తన ముందున్న మీటల్లో ఒకదాన్ని రవ్వంత కిందికి దించుతాడు. ఇద్దరి పనీ ఒకటే: ఈ శబ్దంలో మంద్రం ఎంత ఉండాలి, తారం ఎంత ఉండాలి అని తేల్చడం.

కుడి వైపు తోలు మీద ఉండే నల్లటి పూత కథ ఇంకా ఆసక్తికరం. పూత లేని మామూలు తోలును కొడితే మూల పౌనఃపున్యంతో (సెకనుకు జరిగే కంపనాల సంఖ్యతో) పాటు దానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు ఉండే కంపనాలు పుడతాయి. వీటికి ఒకదానితో ఒకటి పొంతన లేదు కాబట్టి దెబ్బ వినిపిస్తుంది కానీ శ్రుతి వినిపించదు. నల్ల పూత తోలు మధ్యభాగాన్ని బరువెక్కించి, ఆ కంపనాలను 2, 3, 4, 5 రెట్ల దగ్గరికి లాక్కొస్తుంది. మృదంగాన్ని తంబురాతో కలిపి శ్రుతి చేయగలగడం దాని చలవే. చెన్నై ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకున్న సి.వి. రామన్ ఒక సహచరుడితో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి రాశారు. నోబెల్ బహుమతి రావడానికి అప్పటికి ఇంకా పదేళ్లుంది.

వెనక బల్ల మీద ఇంజనీరు మీటలు కదిపే యంత్రం పేరు ఈక్వలైజర్. దానికి ఇంత శక్తి లేదు. కంపనాల స్థానాలను అది కదల్చలేదు, ఉన్నవాటి బలాన్ని పెంచడమో తగ్గించడమో మాత్రమే చేయగలదు. లేనిదాన్ని పుట్టించడం అసలే చేతకాదు. వడపళనిలోని విజయా-వాహినీ స్టూడియోల్లో తెలుగు సినిమాలు తయారైన రోజుల్లో శబ్దం ఫిల్ము అంచున సన్నటి పట్టీగా, కాంతి రూపంలో అచ్చయ్యేది. ఆ పద్ధతిలో గరగర ఎక్కువ. దాన్ని కప్పిపుచ్చడానికి హాలీవుడ్ అకాడమీ 1938లో స్థిరపరచిన ప్రమాణం, పై పౌనఃపున్యాలను గట్టిగా కోసేసింది. 8,000 హెర్ట్జ్ దాటిన తరవాత ఆనాటి సౌండు పట్టీలో మిగిలింది చాలా తక్కువ. అలాంటి పాత పాటను ఫోనులో పెట్టుకుని ట్రెబుల్‌ను కొసదాకా పెంచితే గాయకుడి గొంతుకు కొత్త మెరుగు రాదు, గరగర ఒక్కటే పెరుగుతుంది.

అసలు ఈక్వలైజర్‌ను మొదట వాడింది సంగీతానికి కాదు, టెలిఫోను తీగలకు. తీగ పొడుగు పెరిగేకొద్దీ పై పౌనఃపున్యాలు ఎక్కువగా నష్టపోతాయి. వాటిని అదే మోతాదులో తిరిగి లేపి, ఈ చివర మాట్లాడింది ఆ చివర అదే తీరులో వినిపించేలా చేయడానికి ఆ సర్క్యూట్లు వచ్చాయి. అప్పటికీ టెలిఫోను మోసింది సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే. ‘స’ అనే అక్షరం బలమంతా 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది కాబట్టి ల్యాండ్‌లైన్‌లో ‘స’కూ ‘ఫ’కూ తేడా పట్టడం కష్టమయ్యేది. విచిత్రం కింది వైపు ఉంది. మగవాళ్ల గొంతు మూల పౌనఃపున్యం చాలావరకు 100, 120 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఫోను దాన్ని మోయనే మోయదు. అయినా నాన్న గొంతు నాన్న గొంతులాగే వినిపిస్తుంది. పైన మిగిలిన రెట్ల మధ్య దూరాన్ని బట్టి, రాని మూలస్వరాన్ని మెదడే ఊహించుకుంటుంది.

మళ్లీ సభకు వద్దాం. స్పీకరు నుంచి వచ్చిన శబ్దం మైకులో పడి, పెద్దదై, మళ్లీ స్పీకరుకు చేరుతుంది. ఏదో ఒక పౌనఃపున్యం దగ్గర ఈ చుట్టు తిరిగొచ్చిన శబ్దం బయలుదేరినదానికంటే తగ్గకపోతే, కుయ్యిమని అరుపు మొదలవుతుంది. ఇంజనీరు ఆ అరుపు ఏ మీట కిందకు వస్తుందో చెవితోనే పోల్చుకుని దాన్ని దించుతాడు. సభల్లో కనిపించే గ్రాఫిక్ ఈక్వలైజర్‌కు సాధారణంగా 31 మీటలుంటాయి, ఒక్కోటీ స్థాయిలో (‘స’ నుంచి పై ‘స’ దాకా ఉన్న దూరంలో) మూడో వంతు. స్థాయికి 12 స్వరస్థానాలు కదా, అంటే ఒక్క మీట నాలుగు స్వరస్థానాల మీద పెత్తనం చేస్తుంది. అరుపు ఒక్క స్వరం దగ్గరదే అయినా పక్కనున్న పాపం ఎరగని స్వరాలు కూడా సన్నబడతాయి. ఎక్కడ కోయాలి, ఎంత వెడల్పున, ఎంత లోతుగా అన్న మూడింటినీ విడివిడిగా నిర్ణయించుకోనిచ్చే పారామెట్రిక్ ఈక్వలైజర్‌ను జార్జ్ మాసెన్‌బర్గ్ 1972లో ఒక పత్రంలో వివరించారు. నేటి కంప్యూటర్ మిక్సింగ్‌లో రోజూ వాడేది ఎక్కువగా ఆ రకమే.

మీటలను పైకి తోసేవాళ్ల కంటే కిందికి దించేవాళ్ల మీద నాకు గురి ఎక్కువ. సాహిత్యం స్పష్టంగా వినపడటం లేదని ముందు వరసలోంచి ఫిర్యాదు రాగానే గొంతులో ట్రెబుల్ పెంచడం, అది కీచుమంటే బేస్ పెంచడం, చివరికి అన్నీ పెరిగి మొత్తం శబ్దాన్నే పెంచడం చాలా చోట్ల చూసే తంతు. ఉప్పెక్కువైన పులుసులో చింతపండూ కారమూ చేర్చుకుంటూ పోవడం లాంటిది ఇది. చెవిలో కింది పౌనఃపున్యాలు పైవాటిని కప్పేసినంతగా పైవి కిందివాటిని కప్పలేవు. మృదంగం మైకులో 200, 300 హెర్ట్జ్ దగ్గర కొంత తగ్గిస్తే గొంతును ముట్టుకోకుండానే త్యాగరాజు మాటలు పైకి తేలతాయి. వేదిక మీద మైకులు పెరగడమూ ఇబ్బందే: తెరిచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ అరుపు రాకుండా పెంచగల శబ్దం సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది.

కారులో అందరూ బేస్‌నూ ట్రెబుల్‌నూ లేపి, నడుమ దించి ఎందుకు వింటారు? దీన్ని పూర్తిగా తప్పుపట్టలేను. బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మున్సన్ 1933లో గీసిన రేఖల ప్రకారం, తక్కువ శబ్దంలో చెవి మంద్రాన్ని సరిగా అందుకోదు. 1,000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత గట్టిగా అనిపిస్తుందో, 100 హెర్ట్జ్ స్వరం అంత గట్టిగా అనిపించాలంటే 60 డెసిబెల్స్ దాటాలి. శబ్దం పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. తక్కువ శబ్దంలో పెట్టిన ఆ అమరికను అలాగే ఉంచి శబ్దం పెంచినప్పుడే కారు అద్దాలు అదురుతాయి.

ఇక దిక్కు సంగతి. శబ్దం ఎటు నుంచి వచ్చిందో రెండు చెవులు ఎలా పోల్చుకుంటాయో లార్డ్ రేలీ 1907లో వివరించారు. కుడి వైపు నుంచి వచ్చిన శబ్దం ఎడమ చెవికి కొంచెం ఆలస్యంగా, కొంచెం బలహీనంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువనుకున్నా సెకనులో వెయ్యో వంతుకు మించదు, నిజానికి అందులోనూ మూడింట రెండు వంతులే. కింది పౌనఃపున్యాలకు ఈ కాలభేదం, పైవాటికి తల అడ్డుపడటం వల్ల వచ్చే బలభేదం ఆధారం. కానీ సరిగ్గా ఎదురుగా, నడినెత్తిన, వీపు వెనక నుంచి వచ్చే శబ్దాలు రెండు చెవులకూ ఒకేసారి, ఒకే బలంతో చేరతాయి. మరి వాటిని ఎలా విడదీస్తున్నాం?

ఆ పని చెవిడొప్పది. దాని మడతల్లో తగిలి తిరిగిన శబ్దం నేరుగా వచ్చినదానితో కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు రద్దవుతాయి, ముఖ్యంగా 6,000 నుంచి 10,000 హెర్ట్జ్ ప్రాంతంలో. ఏవి రద్దవుతాయన్నది శబ్దం ఎంత ఎత్తు నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి మారుతుంది. అంటే ప్రతి దిక్కుకూ చెవిడొప్ప ఒక్కో ఈక్వలైజర్ అమరికను వేస్తుంది, మెదడు ఆ అమరికను చదివి దిక్కు చెబుతుంది. కళ్లు మూసుకుని, ఎదుట ఉన్నవారిని ఒక కాగితాన్ని గడ్డం కింద ఒకసారి, నెత్తి మీద ఒకసారి నలపమనండి, సులువుగా చెప్పేస్తారు. తరవాత చెవి పైమడతలను వేళ్లతో ముందుకు వంచి మళ్లీ ప్రయత్నించండి. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరి చెవిడొప్పల్లో అచ్చుముక్కలు అమర్చారు. వెంటనే వాళ్లకు ఎత్తుపల్లాలు తెలియకుండా పోయాయి. కొన్ని వారాల్లో కొత్త చెవులకు అలవాటుపడ్డారు. ముక్కలు తీసేశాక పాత విద్య చెక్కుచెదరలేదు.

ఈక్వలైజేషన్ ఒక అధ్యాయం, ప్రేక్షకుడి చుట్టూ స్పీకర్లు పెట్టే సరౌండ్ సౌండ్ మరో అధ్యాయం అని పుస్తకాలు విడదీస్తాయి కానీ, చెవి లెక్కలో రెండూ ఒకటే. చెన్నైలో తమిళ సినిమాను తెలుగులోకి డబ్బింగ్ చేసేటప్పుడు ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. సంగీతం, వాన, బస్సు హారను అన్నీ సిద్ధంగా ఉన్న ట్రాకులో మాటలు మాత్రమే కొత్తవి. వాటిని చెప్పే కళాకారిణి ప్రతిధ్వని లేని గదిలో మైకుకు జానెడు దూరంలో నిలబడి ఉంటుంది. తెర మీద మాత్రం పెరటి గోడ అవతల నుంచి “ఒరేయ్ చిన్నోడా!” అని పిలిచే అమ్మ కావాలి. గోడ పై పౌనఃపున్యాలను మింగుతుంది కాబట్టి ఇంజనీరు వాటిని కోస్తాడు. మైకు దగ్గరగా ఉన్నందువల్ల ఉబ్బిన మంద్రాన్ని తగ్గిస్తాడు. నేరుగా వచ్చే గొంతును దించి, ఆ పరిసరాలకు తగిన ప్రతిధ్వనిని కలుపుతాడు. ఏ స్పీకరుకు పంపాలన్నది ఆఖరి నిర్ణయం. మొదటివన్నీ చేయకుండా పక్క స్పీకరుకు పంపితే, గోడ అవతలి అమ్మ ప్రేక్షకుడి భుజం పక్కకు వచ్చి అరిచినట్టు ఉంటుంది.

నటుడు తెరకు ఒక చివరకు నడిచినా గొంతు మాత్రం ఉన్నచోటనే ఉండిపోవడం చూసి ఇంగ్లండులో ఆలన్ బ్లమ్‌లైన్‌కు స్టీరియో ఆలోచన తట్టిందని చెబుతారు. 1931లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. తరవాతి ఏర్పాటులో, 5.1లో, తెర వెనక మూడు స్పీకర్లు, ఇరుపక్కలా రెండు సరౌండ్ వరసలు, 120 హెర్ట్జ్ దాకా పనిచేసే సబ్ వూఫర్ ఉంటాయి. ఆ “.1” అదే. 40 హెర్ట్జ్ శబ్దం ఒక అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంత పెద్ద అలకు తల అడ్డే కాదు. గదిలో అంత కింది శబ్దానికి కాలభేదంతోనూ దిక్కు సరిగా తెలియదు కాబట్టి మంద్రానికి ఒకే దారి చాలు.

పెద్ద హాల్లో కాలమే అసలు చిక్కు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. తెరకు 30 మీటర్ల దూరాన చివరి వరసలో కూర్చున్నవారికి తెర వెనకి మాట చేరడానికి 87 మిల్లీసెకన్లు పడుతుంది, నెత్తి మీది సరౌండ్ స్పీకరు శబ్దం దాదాపు తక్షణం వచ్చేస్తుంది. ఒకే శబ్దం రెండుచోట్ల నుంచి వస్తే చెవి ముందు చేరినదాన్నే నమ్ముతుంది. హెల్ముట్ హాస్ 1949లో చూపిందేమిటంటే, వెనక వచ్చినది కొద్ది మిల్లీసెకన్లు ఆలస్యమైతే చాలు, 10 డెసిబెల్స్ గట్టిగా ఉన్నా సరే, దిక్కు విషయంలో దాని మాట చెల్లదు. అందుకే హాలు పొడవును బట్టి సరౌండ్ స్పీకర్లను కావాలనే ఆలస్యం చేస్తారు.

సినిమా హాలు సౌండు ప్రాసెసర్లలో 7 అనే గుర్తు ఉంటుంది. అక్కడ పెడితే తెర వెనకి ఒక్కో స్పీకరు పరీక్షా శబ్దాన్ని 85 డెసిబెల్స్ దగ్గర వినిపించాలి. మిక్సింగ్ థియేటర్లలో నిర్ణయాలన్నీ ఆ మోతాదులోనే జరుగుతాయి. పోరాటాలూ పేలుళ్లూ చెవులు చిల్లులు పొడిచేలా ఉంటే ప్రేక్షకులు మొరపెట్టుకుంటారు, ఆపరేటరు 5కు దించుతాడు. దాదాపు 7 డెసిబెల్స్ పోయినట్టే. పేలుడుకు అదేమీ నష్టం కాదు, గుసగుసగా చెప్పిన మాట మాత్రం ఏసీ హోరులో కలిసిపోతుంది. అది తెలిసిన మిక్సింగ్ బృందం తరవాతి సినిమాలో అన్నిటినీ మరింత పెంచుతుంది. ఈ పోటీలో ఓడిపోయేది ఎప్పుడూ సంభాషణే. హాల్లో తెలుగు మాటలు అర్థం కావడం లేదన్న గొణుగుడుకు ఉచ్చారణ కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ అనే సినిమా శబ్ద పద్ధతి స్పీకర్ల లెక్కను వదిలి, హెలికాప్టరు గదిలో ఏ బిందువు దగ్గర ఉందన్న సమాచారాన్ని శబ్దంతో పాటు పంపింది. ఏ స్పీకరు ఎంత మోగాలో హాల్లోని యంత్రమే, తనకున్న స్పీకర్లను బట్టి, 64 దాకా, లెక్కగట్టుకుంటుంది. ఇయర్‌ఫోన్లలో అదే అనుభవం ఇస్తామనేవాళ్లు చెవిడొప్ప వేసే ఈక్వలైజర్ అమరికను లెక్కించి ముందే కలిపేస్తారు. చిక్కల్లా అది సగటు చెవిది. మీ చెవి మడతలు వేరైతే ఎదురుగా ఉండాల్సిన గొంతు నుదుటి లోపల వినిపిస్తుంది. కొన్ని కంపెనీలు చెవి ఫొటో అడగడం దీనికే.

ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకున్నవాళ్లు స్పీకర్ల దూరం అడిగే మెనూను చాలాసార్లు దాటేస్తారు. అక్కడ మీరు ఇచ్చే ఒక్కో మీటరూ దాదాపు 3 మిల్లీసెకన్ల ఆలస్యంగా మారుతుంది. టేపుతో కొలిచి, కూర్చునే చోటు నుంచి స్పీకరు దాకా ఉన్న దూరమే ఇవ్వండి, గోడ దాకా కాదు.