పెద్ద విమానం ఆగి ఉన్నట్టు ఎందుకు కనిపిస్తుంది?

లండన్ పికడిల్లీ లైన్‌లో హాటన్ క్రాస్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే మర్టిల్ అవెన్యూ అని ఒక చిన్న వీధి. రెండు వైపులా మామూలు ఇళ్లు, చివర్లో పచ్చిక జాగా. హీత్రూ విమానాశ్రయం దక్షిణ రన్‌వే మీదికి తూర్పు నుంచి దిగే విమానాలు ఆ పచ్చిక పక్కగానే పోతాయి. హైదరాబాద్ నుంచి మనవాళ్లను ఎక్కించుకుని నేరుగా వచ్చే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం కూడా ఒక్కోరోజు ఇటుగానే దిగుతుంది.

నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది ప్రయాణికుల విమానాల్లోకెల్లా పెద్దదైన ఎయిర్‌బస్ ఏ380 కోసం. దూరంగా ఆకాశంలో లైట్లు కనిపించాయి. చూస్తూ ఉన్నాను, అవి కదలడం లేదు. గాలిలో ఎవరో వేలాడదీసినట్టు అలాగే ఉన్నాయి. ఇంకా చాలా టైముందని కెమెరా సెట్టింగులు చూసుకుని తల ఎత్తేసరికి ఆకాశమంతా అదే. నా ఫోటోల్లో పడింది తోక ఒక్కటే. అంత వేగంగా వచ్చేది అంతసేపు ఆగినట్టు ఎలా కనిపించిందన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. ఏ380 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 79.75 మీటర్లు. సుమారు 9 కిలోమీటర్ల దూరంలో అవి మన కంటికి పున్నమి చందమామంత వెడల్పుగా ఆనుతాయి. అక్కడి నుంచి మన దగ్గరికి రావడానికి రెండు నిమిషాలు పడుతుందనుకుందాం. మొదటి నిమిషంలో సగం దూరం వచ్చేస్తుంది. అయినా వెడల్పు రెండు చందమామలే. ఇంకో అర నిమిషానికి నాలుగు, ఆపైన పావు నిమిషానికి ఎనిమిది. ఎనిమిది చందమామలంటే చెయ్యి చాచి రెండు బొటనవేళ్లు పక్కపక్కన పెట్టినంత, అంతే. అంటే వంద సెకన్లు దాటినా అది మన చూపుకు ఇంకా చిన్నదే. మిగతా పెరుగుదలంతా చివరి పదిహేను సెకన్లలో ఒక్కసారిగా మీదికొస్తుంది.

ఆ చివరి క్షణం ఎంత పెద్దదో కూడా చూడండి. విమానాలు మామూలుగా 3 డిగ్రీల ఏటవాలుగా దిగుతాయి. కిలోమీటరు ముందుకు వస్తే 52 మీటర్లు కిందికి దిగినట్టు. రన్‌వే మొదలును సుమారు 15 మీటర్ల ఎత్తున దాటుతుంది కాబట్టి, దానికి అర కిలోమీటరు ఇవతల ఎత్తు 40 మీటర్ల చిల్లర. రెక్కల వెడల్పు ఆ ఎత్తుకు దాదాపు రెట్టింపు. సరిగ్గా కింద నిలబడితే, ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొసకు చూపు తిప్పడానికి ఇంచుమించు లంబకోణం తిరగాలి. ఇరవై రెండు చక్రాలూ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

అయితే చిత్రమేమిటంటే, పక్క నుంచి పోతున్నప్పుడు కూడా అది తొందరలో ఉన్నట్టు అనిపించదు. దాని వెనకాలే వచ్చే చిన్న ఏ320 మాత్రం బాణంలా దూసుకుపోయినట్టుంటుంది. నిజానికి రెండింటి వేగంలో పెద్ద తేడా లేదు. గంటకు 250, 260 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 70 మీటర్లు. ఏ380 పొడవు 72.7 మీటర్లు. తన ఒంటి పొడవంత జరగడానికి దానికి ఒక సెకను పడుతుంది. ఏ320 పొడవు 37.6 మీటర్లే. అదే సెకనులో అది తన పొడవుకు రెండింతలు దూరం పోతుంది. మన కన్ను స్పీడోమీటరు కాదు. వస్తువును దాని ఒంటితోనే కొలుస్తుంది.

ఈ విషయం నాకు విమానాల దగ్గర అర్థమైంది గానీ, నేను ఎక్కువగా ఆలోచించేది రైల్వే గేట్ల గురించి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెర్షెల్ లీబోవిట్జ్ 1985లో ఈ మాటే రాశాడు. పెద్ద వస్తువు చిన్నదానికన్నా నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది, గేటు దగ్గర రైలు వేగాన్ని జనం తక్కువగా అంచనా వేయడానికి ఇదొక కారణం కావచ్చు అని. తర్వాత న్యూజిలాండ్ పరిశోధకులు రైలునూ మోటారు వాహనాన్నీ తెర మీద చూపించి పరీక్షిస్తే, రైలే నెమ్మదిగా వస్తోందని జనం పొరబడ్డారు. ఎదురుగా వచ్చే రైలు కూడా విమానంలాగే చివరిదాకా చిన్నగానే ఉంటుంది. మన బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లను 2019 నాటికి తీసేశారు, మంచి పని. కానీ గేటు పడ్డాక బైకు పడుకోబెట్టి కిందనుంచి దూర్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాం. "ఇంకా దూరంగానే ఉందిలే" అంటారు. వాళ్ల కన్ను వాళ్లకు అబద్ధం చెబుతోంది.

ఫోటో విషయంలో ఈ భ్రమ మరో రకంగా దెబ్బ తీస్తుంది. విమానంతో పాటు కెమెరాను తిప్పుతూ తీసేటప్పుడు, చిన్న విమానానికి చేతులు వాటంతటవే తొందరపడతాయి. పెద్దదాన్ని చూడగానే మెత్తబడి వెనకబడతాయి, బొమ్మ చెదురుతుంది. నేను పాటించే పద్ధతి ఒకటే: విమానాన్ని మొత్తంగా చూడను, కాక్‌పిట్ అద్దం మీద చూపు నిలిపి నడుము నుంచి తిరుగుతాను. షట్టరు 1/1000 సెకను దగ్గర ఉంచితే మొదట్లో చాలు. ఎండ వీపు మీద పడేలా నిలబడాలి. ఉత్తరార్ధగోళంలో అంటే రన్‌వేకు దక్షిణం పక్క. మర్టిల్ అవెన్యూ అందుకే అంత పేరు తెచ్చుకుంది.

ఎంత ఖరీదైన లెన్సయినా గెలవలేనిది వేడిగాలి. ఎండకు కాలిన నేల మీద గాలి పొరలు పొరలుగా వేడెక్కి పైకి లేస్తుంది. వేడిగాలి పల్చన, చల్లగాలి చిక్కన. వాటి గుండా వచ్చే కాంతి అటూ ఇటూ వంగి, విమానం మీది అక్షరాలు నీళ్లలో ఉన్నట్టు వణుకుతాయి. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఇంకా ఘోరం. పొద్దున్నే గానీ, వాన వెలిసిన వెంటనే గానీ తీయాలి. ఇక విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగా నౌకాదళ విమాన స్థావరం. అలాంటి చోట కెమెరా బయటికి తీయకూడదు. మన దగ్గర పెద్ద విమానాలను నిశ్చింతగా ఫోటో తీసుకోవాలంటే బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన మంచి అవకాశం. 2024 జనవరిలో రెక్కల కొసలు మడుచుకునే బోయింగ్ 777-9 అక్కడికి వచ్చింది.

హీత్రూలో రద్దీ వేళ నిమిషం, నిమిషంన్నరకొక విమానం దిగుతుంది. ఏ380 వెనక మాత్రం ఆకాశం ఎక్కువసేపు ఖాళీగా ఉంటుంది. దాని రెక్కల కొసల నుంచి గాలి రెండు సుడులుగా చుట్టుకుని వెనకే ఉండిపోతుంది, అందులోకి చిన్న విమానం వస్తే పల్టీ కొట్టే ప్రమాదం. ఎదురుగాలి బలంగా ఉన్న రోజున ఆ సుడులు త్వరగా చెదిరిపోతాయి, వెనక విమానం ఇంకాస్త దగ్గరగా రావచ్చు. అందుకే హీత్రూ 2015 నుంచి విమానాల మధ్య ఎడాన్ని మైళ్లలో కాక సెకన్లలో లెక్కిస్తోంది. ఆ సుడులకు చుట్టుపక్కల ఇళ్ల పెంకులు లేచిపోయిన సందర్భాలున్నాయి, విమానాశ్రయమే వాటిని బాగు చేయిస్తుంది.

పచ్చికలో నిలబడితే ఆ సుడి చెవికి కూడా తెలుస్తుంది. విమానం రన్‌వే మీద చక్రాలు ఆనించి పొగ రేపిన తర్వాత, ఇంజిన్ల మోత తగ్గాక, ఏమీ లేని ఆకాశంలోంచి కొత్త గుడ్డను బర్రున చింపినట్టు ఒక చప్పుడు వస్తుంది. రెండోసారి వెళ్లినప్పుడు నేను కెమెరా దించి దాన్ని విన్నాను.