కిరణాలకు ముందు పక్షం రోజులు

దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో నోటి క్యాన్సర్ రోగిని హైదరాబాద్‌కు తీసుకొచ్చిన కుటుంబం మొదటి వారంలోనే విసిగిపోతుంది. ముక్క పరీక్ష అయింది, స్కాన్ అయింది, ఇంకా కరెంటు (రేడియేషన్) పెట్టనే లేదని ఊరికి ఫోన్లు వెళ్తాయి. వాళ్ల ఆత్రంలో తప్పేమీ లేదు, ఇవి ఆగి చూద్దామనుకునే జబ్బులు కావు. కానీ యంత్రం కింద పడుకోబెట్టే ముందు గడిచే ఆ పది, పదిహేను రోజుల్లో జరిగే పనే చికిత్సలో సగం అంటాను.

ముందు పంపేది పళ్ల డాక్టరు దగ్గరికి. క్యాన్సర్‌కని వస్తే పళ్లు పీకడమేమిటని బంధువులు వాదనకు దిగేది ఇక్కడే. రేడియేషన్ పడిన దవడ ఎముకలో రక్తనాళాలు కుంచించుకుపోతాయి. ఆ తర్వాత ఎప్పుడు పన్ను తీయాల్సి వచ్చినా ఆ గుంట మానకపోవచ్చు, ఎముకే కుళ్లి బయటపడవచ్చు. ఈ ముప్పు కొన్నేళ్లకు పోయేది కాదు, జీవితాంతం వెంట ఉంటుంది. అందుకే నిలవదనుకున్న పన్నును ముందే తీసేసి, పుండు మానడానికి రెండు వారాల వరకు ఆగుతారు. ఏళ్ల తరబడి గుట్కా, వక్క నమిలి నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయినవారికైతే ఈ పన్ను తీయడమే పెద్ద పని.

మిగిలిన పళ్లకు రోజూ ఫ్లోరైడ్ జెల్ రాసుకోమంటారు. నల్లగొండ జిల్లావాళ్లు ఈ మాట వింటే ఉలిక్కిపడతారు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పళ్లను గారపట్టించి, ఎముకలను వంకర తిప్పింది అదే ఫ్లోరైడ్ కదా! లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని చిన్ననాటి నుంచి తాగితే జరిగే నష్టం అది. పెద్దయ్యాక పన్ను పైపై పొరకు రాసి ఉమ్మేసేది ఆ పొరను గట్టిపరుస్తుంది. కిరణాల వల్ల లాలాజలం తగ్గిన నోట్లో పళ్లు చూస్తుండగానే పుచ్చిపోతాయి కాబట్టి ఆ రక్షణ తప్పనిసరి.

తర్వాతది తల కదలకుండా పట్టి ఉంచే మాస్కు. చిల్లులున్న ప్లాస్టిక్ పలకను సుమారు 70 డిగ్రీల వేడినీటిలో ముంచితే తడి అప్పడంలా జారిపోతుంది. నీళ్లు దులిపి, వెల్లకిలా పడుకున్న రోగి ముఖం మీద పరిచి, నుదురు, ముక్కు, గడ్డం ఒంపుల వెంట వేళ్లతో ఒత్తుతారు. కొన్ని నిమిషాల్లో చల్లారి గట్టిపడుతుంది, అంచులను బల్లకు బిగిస్తారు. ఊపిరికి ఇబ్బంది ఉండదు, ఉక్కగా మాత్రం ఉంటుంది. భయపడేవారు ముందే చెప్పాలి, దానికీ ఉపాయాలున్నాయి. ఫ్లోరోసిస్‌తో మెడ బిగుసుకుపోయి తల వెనక్కి వాల్చలేనివారికి దిండు ఎత్తు మార్చి, వాళ్లకు కుదిరిన భంగిమలోనే అచ్చు తీయాలి. ఆ రోజు ఎలా పడుకున్నారో చికిత్స ముగిసేదాకా రోజూ అలాగే పడుకోవాలి మరి.

ఆ మాస్కుతోనే సీటీ స్కాన్ తీస్తారు. మూడు మిల్లీమీటర్ల మందాన ఒక్కో చిత్రం చొప్పున, తల నుంచి ఛాతీ పైభాగం దాకా వందకు పైగా వస్తాయి. డాక్టరు తెరమీద ఒక్కో చిత్రంలో కణితి చుట్టూ గీత గీస్తారు. కంటికి కనిపించకుండా పాకి ఉండగల చోటును, మెడలోని లింఫ్ గ్రంథులను కలుపుకుని ఇంకో గీత. రోజూ పడుకోవడంలో వచ్చే స్వల్ప తేడాకు మరో మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. కాపాడాల్సిన అవయవాలకూ విడివిడిగా గీతలు ఉంటాయి. ఎక్కువ సమయం తినేది ఈ పనే. ఇక్కడ గీత తప్పితే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పు చోటునే గురిచూసి కొడుతుంది.

కిరణాల డోసుకు కొలత గ్రే, కిలో కణజాలంలోకి ఒక జౌల్ శక్తి ఇంకితే ఒక గ్రే. కణితికి సాధారణంగా 70 గ్రే కావాలి. రోజుకు 2 చొప్పున, వారానికి ఐదు రోజులు, 35 విడతలు. అదే మెడలోంచి పోయే వెన్నుపాముకు దాదాపు 45 దాటనివ్వరు. చెవి కింది లాలాజల గ్రంథికి సగటున 26 దాటితే అది కోలుకోవడం కష్టం. ఈ హద్దులన్నీ ఇచ్చాక, వాటిలో ఇమిడేలా కిరణాల ఆకారాన్ని, తీవ్రతను కంప్యూటర్ వెతుకుతుంది. దీన్నే ఐఎంఆర్‌టీ అంటారు. బ్రిటన్‌లో 94 మంది రోగులపై జరిపి 2011లో వెలువరించిన పార్‌స్పోర్ట్ అధ్యయనంలో, ఏడాది తర్వాత నోరు చెప్పుకోదగ్గంతగా ఎండిపోయినవారు పాత పద్ధతిలో 74 శాతం, ఈ పద్ధతిలో 38 శాతం. పాలమూరువాళ్లకు ఈ తేడా విడమరచి చెప్పక్కర్లేదు, తడి లేని నోటితో జొన్న రొట్టె దిగదు.

అయినా అన్నీ దక్కవు. కణితి ఒక గ్రంథిని ఆనుకుని ఉంటే దాన్ని వదులుకుని, రెండోవైపు దాన్ని కాపాడాలి. ఆ నిర్ణయం మాత్రం కంప్యూటర్‌ది కాదు, డాక్టరుది. తేలిన ప్రణాళికను, డోసు లెక్కలు చూసే ఫిజిసిస్టు ముందు ప్లాస్టిక్ దిమ్మె మీద ప్రయోగించి, లెక్కలో వచ్చిన డోసే నిజంగా పడుతోందా అని కొలుస్తారు. ఆ తర్వాతే రోగి వంతు.

మొదలయ్యాకా ప్రణాళిక మారవచ్చు. నోరు పూసి మింగలేక రోగి బాగా చిక్కిపోతే మాస్కు వదులవుతుంది, కణితీ కుంచించుకుపోతుంది. లాలాజల గ్రంథులు లోపలికి జరిగి, తక్కువ డోసు పడాల్సినవి ఎక్కువ పడే చోటికి వస్తాయి. అప్పుడు కొత్త మాస్కు, కొత్త స్కాన్, మళ్లీ గీతలు. ముక్కు గొట్టంతో ఆహారం ఎక్కిద్దామని డాక్టరు అన్నప్పుడు ఇంట్లోవాళ్లు అడ్డుపడకూడదనేది ఇందుకు కూడా.

ఇక బతుకమ్మకో వరి కోతకో నాలుగు రోజులు ఊరెళ్లి వస్తామనడం. సుమారు నాలుగో వారం నుంచి మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. చికిత్స ఒక్కో రోజు సాగినకొద్దీ జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం ఇంచుమించు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. యంత్రం ఆగిపోయో, జ్వరం వచ్చో రోజు పోతే శనివారం పిలుస్తారు, లేదా ఒకే రోజు రెండు విడతలు ఇస్తారు. ఆ రెండింటి మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి, ఆరోగ్యకరమైన కణాలు మరమ్మతు చేసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.