మారథాన్ వాలంటీర్లు: రోజూ వినే అపోహలు, చూస్తున్న వాస్తవాలు

హైదరాబాద్‌లో పెద్ద పరుగు పోటీ ఉందంటే రన్నర్ల రిజిస్ట్రేషన్లు వాటంతటవే నిండిపోతాయి. వాలంటీర్ల జాబితా మాత్రం పోటీ ముందు రోజు రాత్రి వరకు మారుతూనే ఉంటుంది. ఆ జాబితా చూసుకోవడమే నా పని. నెక్లెస్ రోడ్డు మీద చీకట్లో టేబుళ్లు వేసే దగ్గర్నుంచి గచ్చిబౌలి స్టేడియంలో చివరి మెడల్ మెడలో పడేదాకా ఎవరు ఎక్కడ నిలబడాలో మేమే చూసుకుంటాం. ఈ పనిలో స్పాన్సర్ల నుంచీ, తల్లిదండ్రుల నుంచీ, ఒక్కోసారి నిర్వాహకుల నుంచీ కొన్ని మాటలు పదే పదే వింటుంటాను. అందులో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: వాలంటీర్లంటే పైసా ఖర్చు లేదు

జీతం ఉండదు, నిజమే. ఖర్చు మాత్రం ఉంటుంది. టీషర్టు, ఐడీ కార్డు, రెయిన్‌కోటు, బ్రీఫింగ్‌కి హాలు, టిఫిను, తెల్లవారకముందే పాయింట్ల దగ్గర దింపే బస్సు, ఇవన్నీ బడ్జెట్‌లో ఉండాల్సినవే. టోక్యో ఒలింపిక్స్‌లో వాలంటీర్లకు ప్రయాణ ఖర్చుల కింద రోజుకు 1,000 యెన్‌లు లెక్కగట్టారు. లండన్ 2012 ఒలింపిక్స్‌కి దాదాపు 2 లక్షల 40 వేల మంది దరఖాస్తు చేస్తే 70 వేల మందిని తీసుకున్నారు. ఆ వడపోత, ఇంటర్వ్యూలు, శిక్షణ, యూనిఫాం కొలతలు ఏవీ ఊరికే జరగలేదు.

మన దగ్గర బస్సు ఖర్చు మిగుల్చుకుందామనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. అమ్మాయి వాలంటీర్‌గా పేరిస్తే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది, "మూడున్నరకి ఎవరు తీసుకెళ్తారు?" అని. దానికి మా దగ్గర జవాబు లేకపోతే ఆ పేరు జాబితాలోంచి పోతుంది. తర్వాత "ఆడపిల్లలకు ఆసక్తి లేదు" అని రిపోర్టులో రాసుకుంటారు.

అపోహ: సర్టిఫికెట్ కోసం, టీషర్టు కోసం వస్తారు

బీటెక్, డిగ్రీ పిల్లలు సర్టిఫికెట్ అడుగుతారు. అడిగితే తప్పేముంది? వాళ్లను మొదటిసారి రప్పించేది ఆ కాగితమే. రెండో ఏడు కూడా వచ్చారంటే మాత్రం కారణం వేరే ఉన్నట్టే.

1996లో కెనడాలోని థండర్ బేలో మహిళల జాతీయ కర్లింగ్ (మంచు మీద రాళ్లు జార్చి ఆడే ఆట) పోటీలు జరిగాయి. అక్కడి వాలంటీర్లు ఎందుకొచ్చారో అడిగి తెలుసుకున్న పరిశోధన 1998లో వెలువడింది. ఈ రంగంలో ఇప్పటికీ దాన్నే ఆధారంగా చూపుతారు. పోటీ బాగా జరగాలన్న కోరిక అందులో అన్నిటికన్నా ముందు నిలిచిన కారణాల్లో ఒకటి. మా జాబితాలోనూ అదే కనిపిస్తుంది. మోకాలి నొప్పితో ఈ ఏడు పరిగెత్తలేకపోతున్న రన్నర్ వస్తాడు. కేబీఆర్ పార్కులో రోజూ నడిచే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి వస్తారు. కొడుకు మొదటి హాఫ్ మారథాన్ పరిగెడుతుంటే ఇంట్లో కూర్చోలేని తల్లి వస్తుంది. కంపెనీల నుంచి జట్లుగా వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లలో గ్రూపు ఫొటో అయ్యాక కూడా పాయింటు దగ్గరే నిలబడేవాళ్లెవరో మాకు ఏడాది పొడుగునా గుర్తుంటుంది.

2021 ఫిబ్రవరిలో టోక్యో ఒలింపిక్స్ నిర్వాహక సంఘం అధ్యక్షుడు యోషిరో మోరి, సమావేశాల్లో ఆడవాళ్లు ఎక్కువ మాట్లాడతారంటూ చులకనగా అన్నారు. వందల మంది వాలంటీర్లు తప్పుకున్నారు. టీషర్టు కోసం వచ్చినవాళ్లయితే ఆయన ఏమంటే వాళ్లకేం?

అపోహ: స్టార్లను దగ్గర్నుంచి చూడొచ్చు

పార్కింగ్ దగ్గర వేస్తే వాహనాలు కనిపిస్తాయి. బ్యాగేజ్ కౌంటర్లో వేస్తే బ్యాగులు కనిపిస్తాయి. స్టేడియం లోపల డ్యూటీ పడినా ముఖం ప్రేక్షకుల వైపే ఉండాలి, సెల్ఫీలు కుదరవు. ఈ సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పేస్తే మేలు.

అపోహ: నీళ్లందించడానికి శిక్షణ ఎందుకు?

ఈ మాట అన్నవాళ్లను ఒక్క గంట వాటర్ పాయింట్ దగ్గర నిలబెట్టాలనిపిస్తుంది.

గ్లాసు నిండా పోయకూడదు. సగం పోస్తే చాలు, పరుగులో అంతకంటే ఎక్కువ మూతిదాకా వెళ్లదు. పైఅంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని చెయ్యి చాచాలి. గట్టిగా పట్టుకుంటే రన్నర్ లాక్కోవాల్సి వస్తుంది, నీళ్లన్నీ ఒలికిపోతాయి. చేతిలో ఉన్నది మామూలు నీళ్లా, ఎలక్ట్రాల్ (లవణాల పొడి) కలిపిన నీళ్లా అన్నది అరిచి చెప్పాలి. రన్నర్లంతా మొదటి టేబుల్ దగ్గరే గుంపుకడతారు. అనుభవమున్న వాలంటీర్ పది అడుగులు ముందుకొచ్చి, "ముందు టేబుల్ ఖాళీ, అక్కడికి రండి" అని చెయ్యి ఊపుతూ ఉంటే ఆ గుంపు విడిపోతుంది. అరటిపళ్లు సగానికి కోసి తొక్కతోనే ఇస్తాం. ఆ తొక్కలూ, పారేసిన గ్లాసులూ ఎప్పటికప్పుడు పక్కకి లాగకపోతే వెనకొచ్చేవాళ్లు జారతారు, వాన పడుతుంటే మరీను.

ఇదంతా చేతిపని. ప్రాణం మీదికొచ్చేది వేరే ఉంది. రన్నర్ కళ్లు తిరుగుతున్నాయంటే చాలు, మనవాళ్లు ప్రేమతో నీళ్ల మీద నీళ్లు తాగిస్తారు. 2002 బోస్టన్ మారథాన్‌లో ఫినిష్ లైన్ దగ్గర 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. చెమటలో ఉప్పు పోవడం కన్నా అతిగా నీళ్లు తాగడమే దీనికి ఎక్కువగా కారణమవుతుంది. గంటల తరబడి నెమ్మదిగా పరిగెత్తుతూ ప్రతి పాయింటు దగ్గరా తాగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఇంకో రెండు గ్లాసులు పట్టిస్తే పరిస్థితి విషమిస్తుంది. అందుకే బ్రీఫింగ్‌లో ఒకటే చెప్తాం. తడబడుతున్నా, మాట పొంతన లేకుండా ఉన్నా, వాంతి చేసుకుంటున్నా తాగమని బలవంతపెట్టొద్దు. కూర్చోబెట్టి మెడికల్ టీమ్‌ని పిలవండి, బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం) తిప్పి వెనక రాసిన బ్లడ్ గ్రూపూ ఇంటివాళ్ల నంబరూ చదివి చెప్పండి. వాలంటీర్ వైద్యం చేయనక్కర్లేదు, ఏం చేయకూడదో తెలిస్తే చాలు.

పరుగు దారి పొడవునా నిలబడే రూట్ మార్షల్ సంగతీ అంతే. ట్రాఫిక్ ఆపడం పోలీసుల పని. ఆగిన బైకు మీద పాల ప్యాకెట్లు పెట్టుకుని మండిపడుతున్న మనిషితో మాట్లాడాల్సింది మాత్రం వాలంటీరే. ఆ కాలనీ కుర్రాడే అయితే, "అన్నా, వెనక గల్లీలోంచి వెళ్తే మెయిన్ రోడ్డు ఎక్కుతావు" అంటాడు. అక్కడితో గొడవ సద్దుమణుగుతుంది. బయటి ఏజెన్సీ నుంచి తెచ్చిన మనిషికి ఆ గల్లీ తెలియదు. వాలంటీర్ విలువను గంటకింత అని కట్టేటప్పుడు ఇలాంటివి లెక్కలోకి రావు.

అపోహ: పేర్లు చాలా వచ్చాయి, ఇక దిగుల్లేదు

పేర్లు వేరు, మనుషులు వేరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు 22 వేల మంది వాలంటీర్లను ఎంపిక చేస్తే, పోటీలు వారంలో పడతాయనగా కనీసం 10 వేల మంది తప్పుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. శిక్షణ సరిగ్గా లేకపోవడం, ఇచ్చిన పని నచ్చకపోవడం కారణాలన్నారు. యువతకు బాధ్యత లేదని తిట్టుకోవడం తేలిక. నేనైతే ఆ కారణాల దగ్గరే ఆగుతాను. పెళ్లింట్లో వడ్డనకు లేచిన చుట్టం కూలి అడగడు. ఏ బంతికి ఏం వడ్డించాలో చెప్పేవాళ్లు లేకపోతే మాత్రం గంటలో చెయ్యి కడుక్కుంటాడు. మా దగ్గర మధ్యలో వెళ్లిపోయినవాళ్లకు ఫోన్ చేసి అడిగితే డబ్బు మాట అరుదుగా వస్తుంది. "ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు", "ముగ్గురి పనికి పదిమందిని పెట్టారు" అనేవే ఎక్కువ. అందుకని ఇప్పుడు పాయింటుకి మనుషుల్ని తగ్గించి, ఒక్కొక్కరికి పేరుపెట్టి పని అప్పగిస్తున్నాం. రానివాళ్ల కోసం కొందర్ని అదనంగా పెట్టుకుంటాం కానీ, అందరూ వచ్చేస్తే వాళ్లకివ్వాల్సిన పని కూడా ముందే రాసిపెట్టుకుంటాం.

అపోహ: ఇదంతా ఉచిత శ్రమ దోపిడీ

ఇది పూర్తిగా అపోహ అనలేను. టికెట్లమ్మి, ప్రసార హక్కులమ్మి లాభం తీసుకునే లీగ్ రాత్రంతా బారికేడ్లు మోయడానికి, చెత్త ఎత్తడానికి కాలేజీ పిల్లల్ని ఊరికే పిలిస్తే అది దోపిడీయే. కష్టమైన, ప్రమాదమున్న, వరసగా పది పన్నెండు గంటల పనికి కూలి ఇచ్చి తీరాలి. ఉత్సాహం, పలకరింపు, దారి చూపడం, చప్పట్లు కొట్టడం, ఇవి వాలంటీర్లవి. ఈ గీత ఎక్కడ గీయాలో నిర్వాహకులకు బాగానే తెలుసు, చాలాసార్లు తెలియనట్టు ఉంటారు. పేరిచ్చే ముందు మీరే అడగండి: షిఫ్ట్ ఎన్ని గంటలు, మధ్యలో విడిపించేదెవరు, మరుగుదొడ్డి ఎంత దూరం, దెబ్బ తగిలితే బీమా ఉందా. ఈ నాలుగింటికి నీళ్లు నమిలేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

అపోహ: పోటీ ముగిస్తే వాలంటీర్ పని ముగిసినట్టే

2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలకు పదివేల పైచిలుకు వాలంటీర్లు పనిచేశారు. క్రీడలయ్యాక ఆ జాబితాను చెరిపెయ్యలేదు. దాని మీదే నగరంలోని ఇతర కార్యక్రమాలకు వాలంటీర్లను పంపే ఏర్పాటు చేసుకున్నారు. అదే ఏడాది హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగాయి, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ మిలటరీ క్రీడలు. స్టేడియాలు మిగిలాయి. మా పరుగు పోటీల విషయానికొస్తే, ఫినిష్ లైన్ ఆర్చి దించేసరికి వాట్సాప్ గ్రూపు మూగబోవడమే ఇన్నాళ్లూ ఆనవాయితీ. ఇప్పుడు పోటీ అయిన వారంలోపే ఎవరు ఏ పాయింటు నడిపారో, ఎవరికి ఏ పని కుదిరిందో ఒక షీటులో ఎక్కిస్తున్నాం. సర్టిఫికెట్లు కూడా ఆ వారంలోనే పంపుతాం, పేరులో అక్షరాలు ఒకటికి రెండుసార్లు సరిచూసి మరీ.