స్కిప్పీని తలుచుకుని కంగారూ పిల్లకి ఆవుపాలు పట్టకండి

సిడ్నీలో చలికాలం వచ్చిందంటే మా వెటర్నరీ క్లినిక్‌కి చీకటి పడే వేళ ఫోన్లు మొదలు. ఆఫీసుల నుంచి కార్లు తిరిగొచ్చేదీ, కంగారూలు మేతకి రోడ్డెక్కేదీ ఒకే టైముకి మరి. "తల్లి చచ్చిపడుంది, పిల్లని ఇంటికి తెచ్చేశాం, పాలు కూడా తాగింది!" అంటారు సంబరంగా. పెద్దవయసు ఆస్ట్రేలియన్లయితే "అచ్చం స్కిప్పీయే" అని కలుపుతారు.

1968లో మొదలై 91 ఎపిసోడ్లు నడిచిన ఆ 'స్కిప్పీ' టీవీ సీరియల్ మీద నాకేం కోపం లేదు. రేంజర్ కొడుకు సన్నీ వెంట కుక్కపిల్లలా తిరిగే కంగారూని ఎవరు ముద్దు చెయ్యరు? చిక్కల్లా, ఇంట్లో పెంచేసుకోవచ్చన్న ఊహ అక్కడే నాటుకుపోయింది.

అపోహ: ఆకలిగా ఉంది కదా, కాసిని పాలు పడితే బతుకుతుంది.

వాస్తవం: ఆవుపాలలోని లాక్టోజ్ దానికి అరగదు. విరేచనాలు పట్టుకుంటాయి, ఒంట్లో నీరు పోతుంది, కళ్లలో శుక్లాలు కూడా రావచ్చు. పైగా ఒళ్లు చల్లబడ్డ పిల్లకి ఏం పట్టినా అరగదు. ముందు వెచ్చదనం కావాలి. దిండుగలీబులో పెట్టి, దుప్పటి చుట్టి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. పాలూ వద్దు, నీళ్లూ వద్దు. పిల్లలచేత నిమిరించడం, సెల్ఫీలు అసలే వద్దు, బెదురుకే చచ్చిపోయే జంతువది. వెంటనే వైర్స్ (WIRES) అనే వన్యప్రాణుల రెస్క్యూ సంస్థకో, దగ్గర్లోని వెట్‌కో ఫోన్ చెయ్యండి. పిల్ల ఇంకా చనుమొన పట్టుకునే ఉంటే లాగకండి, నోరు దెబ్బతింటుంది. రెస్క్యూవాళ్లు వచ్చి చూసుకుంటారు.

మనవాళ్ల జంట ఒకటి, కంగారూ పిల్లని రెండు రోజులు ఇంట్లోనే దాచి తెచ్చారు. తోకంతా విరేచనంతో అట్టకట్టుకుపోయి ఉంది. "మా బాబు తాగే పాలే పట్టామక్కా" అంటూ ఆ అమ్మాయి ఏడుపు. చర్మం కింద సెలైన్ ఎక్కించాం, దక్కలేదు. ఇంత ఆలస్యమెందుకయిందంటే, వీసా మీద ఉన్నాం, ఫైన్ వేస్తారేమోనని భయమట. ఆ పుకారు ఎవరు పుట్టించారోగానీ! కాపాడి వెంటనే అప్పగిస్తే ఎవరూ ఏమీ అనరు. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకుంటేనే నేరం. మా క్లినిక్‌లో అడవి జంతువులకి ఫీజు కూడా తీసుకోం.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా. స్కిప్పీ ఒక్క కంగారూ కాదు, చాలావాటిని మార్చి మార్చి వాడారు. సీరియల్లో స్కిప్పీ తలుపులు తీసేటప్పుడు కనిపించే చేతులు మనుషులు పట్టుకుని ఆడించినవి. స్కిప్పీ మాట్లాడినట్టు వినిపించే ఆ "ట్చ్ ట్చ్" చప్పుళ్లు తర్వాత కలిపినవి. తల్లి కంగారూ పిల్లని పిలిచేటప్పుడు మెల్లగా కొక్కరిస్తుంది, అంతేగానీ కబుర్లు చెప్పదు. ఇక ఈస్టర్న్ గ్రే జాతి మగ కంగారూ అరవై కిలోలు దాటుతుంది, పెరట్లో కట్టేసుకునే సరుకు కాదు.

రోడ్డు పక్కన చచ్చిన కంగారూ మీద స్ప్రే రంగు గుర్తు కనిపిస్తే, దాని పొట్ట సంచిలో పిల్ల ఉందేమో ఎవరో చూసేశారని అర్థం. మీరు ఆగక్కర్లేదు. గుర్తు లేకపోతే, కారు ఆపడానికి సురక్షితమైన చోటుంటేనే ఆగండి.