కశాభం: తిరిగే తోక, వంగే తోక

ఈత కొట్టే మనిషి చేతులు ఆడించడం ఆపినా, శరీరానికున్న జడత్వం వల్ల మరికొంత దూరం ముందుకు సాగుతాడు. సుమారు 2 మైక్రోమీటర్ల పొడవుండే ఇ. కోలై బాక్టీరియాకు ఆ సౌకర్యం లేదు. అంత చిన్న జీవికి జడత్వం లెక్కలోకి రాదు, నీటి స్నిగ్ధతే, అంటే కదలికను అడ్డుకునే దాని చిక్కదనమే, అన్నిటినీ శాసిస్తుంది. ఈదడం ఆపిన బాక్టీరియా ఒక హైడ్రోజన్ పరమాణువు వ్యాసం కన్నా తక్కువ దూరంలోనే నిలిచిపోతుందని భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో లెక్కగట్టి చూపాడు. అంతకు మించిన చిక్కు మరొకటి ఉంది. అక్కడ ఏ అవయవాన్నైనా ఒకే దారిలో ముందుకూ వెనక్కూ ఊపితే, మొదటి ఊపులో గడించిన దూరమంతా రెండో ఊపులో పోతుంది. ఎంత వేగంగా ఊపినా ఫలితం మారదు. కాబట్టి కదలికలోనే వెనక్కు తిప్పలేని క్రమం ఒకటి ఉండాలి.

బాక్టీరియా ఈదడానికి వాడే తోకలాంటి కశాభం ఈ చిక్కును తిరగడం ద్వారా దాటింది. ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీనుతో తయారైన, సుమారు 20 నానోమీటర్ల మందమున్న ఈ మెలికల పోగు కొరడాలా ఊగుతుందని చాలాకాలం అనుకున్నారు. అది నిజంగా గిరగిరా తిరుగుతుందని హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ 1973లో వాదించారు. మరుసటి ఏడాది మైకేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ కశాభాన్ని గాజుపలకకు అతికించి చూస్తే, కదలలేని కశాభానికి బదులు బాక్టీరియా శరీరమే గుండ్రంగా తిరిగింది. ఇంత సూటిగా తేల్చేసే ప్రయోగాలు జీవశాస్త్రంలో అరుదు. పోగు మొదట్లో, కణత్వచంలో బిగించి ఉన్న ప్రోటీన్ల మోటారును లోపలికి ప్రవహించే ప్రోటాన్లు తిప్పుతాయి. కొన్ని విబ్రియో జాతుల్లో ఆ పని సోడియం అయాన్లది.

ఇ. కోలైకి ఇలాంటి కశాభాలు అనేకం ఉంటాయి. అన్నీ అపసవ్య దిశలో తిరిగినప్పుడు ఒకే కట్టగా చుట్టుకొని కణాన్ని సెకనుకు 20 నుంచి 30 మైక్రోమీటర్ల వేగంతో నెడతాయి. ఒకటి రెండు మోటార్లు దిశ మార్చుకోగానే కట్ట విడిపోతుంది, కణం క్షణకాలం దొర్లి, ఎటో తెలియని కొత్త దిక్కుకు తిరుగుతుంది. చుక్కాని లేని ఈ జీవి ఆహారాన్ని చేరుకునే ఉపాయం అందులోనే ఉంది: ఇప్పుడు తగులుతున్న పోషకాల గాఢతను కొద్ది సెకన్ల కిందటి గాఢతతో పోల్చుకొని, పరిస్థితి మెరుగవుతుంటే దొర్లడాన్ని వాయిదా వేస్తుంది.

శుక్రకణం తోకనూ కశాభమనే పిలుస్తాం గానీ, నిర్మాణంలో ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. అది కణత్వచం కప్పి ఉన్న, కణంలోని భాగమే. మధ్యలో రెండు సూక్ష్మనాళికలు (ప్రోటీనుతో తయారైన సన్నని గొట్టాలు), చుట్టూ అలాంటివే తొమ్మిది జంటలు ఉంటాయి. కణాలకు ఇంధనంలాంటి ఏటీపీ అనే అణువు శక్తితో పనిచేసే డైనీన్ ప్రోటీన్లు ఒక జంటను పక్క జంట మీదుగా జరపబోతాయి. జంటలను కలిపి ఉంచే బంధాలు ఆ జారుడును అడ్డుకోవడంతో తోక వంగుతుంది. ఆ వంపు మొదలు నుంచి కొసకు అలలా సాగుతుంది. అల ఒకే దిక్కుకు పోతుంది కనుక ఇక్కడా పర్సెల్ చెప్పిన చిక్కు తీరిపోతుంది.

మన శ్వాసనాళాల్లో శ్లేష్మాన్ని బయటికి నెట్టే, సన్నని వెంట్రుకల్లాంటి శైలికల్లోనూ ఇదే యంత్రాంగం ఉంది. అందుకే డైనీన్ లోపంతో పుట్టిన కొందరిలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు, పురుషుల్లో సంతానలేమి కలిసి కనిపిస్తాయి. పిండంలో కుడి ఎడమలను నిర్ణయించే ద్రవ ప్రవాహాన్ని పుట్టించేవి కూడా శైలికలే కావడంతో, వారిలో దాదాపు సగం మందికి గుండె కుడివైపున ఉంటుంది.