సికింద్రాబాద్ రైల్వే స్టేషన్: అపోహలు – వాస్తవాలు

ఆటో ఎక్కి "స్టేషన్‌కి పోనీ" అంటే హైదరాబాద్‌లో ఇప్పుడు సరిపోదు. ఏ స్టేషనో టికెట్ చూసి మరీ చెప్పాలి. రైలు తప్పిపోయేవాళ్లలో ఆలస్యంగా బయల్దేరినవాళ్లతో పాటు తప్పు స్టేషన్‌కి వేళకి చేరుకున్నవాళ్లూ ఉంటారు.

అపోహ: పెద్ద రైళ్లన్నీ సికింద్రాబాద్ నుంచే.

ఒకప్పుడు దాదాపు నిజమే. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక, సికింద్రాబాద్‌లో పునర్నిర్మాణ పనుల కారణంగా కొన్ని రైళ్లను అటు మళ్లించారు. కొన్ని కొన్నాళ్లకే, కొన్ని శాశ్వతంగా. పోయినసారి ఎక్కడ ఎక్కారన్నది లెక్కలోకి రాదు. టికెట్‌లో బోర్డింగ్ దగ్గరున్న కోడ్ చూడండి: ఎస్‌సీ అంటే సికింద్రాబాద్, హెచ్‌వైబీ నాంపల్లి, కేసీజీ కాచిగూడ, సీహెచ్‌జెడ్ చర్లపల్లి. యాప్‌లో కనిపించే "హైదరాబాద్ డెక్కన్" నాంపల్లే, వేరే స్టేషన్ కాదు. చర్లపల్లి మౌలాలి దాటాక, కాజీపేట దారిలో ఉంది. అక్కడికి మెట్రో లేదు, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లూ తక్కువే. తెల్లవారుజాము రైలైతే ముందురోజే బండి మాట్లాడుకోవడం మంచిది.

అపోహ: నాంపల్లి నుంచి టికెట్ ఉంటే సికింద్రాబాద్‌లో ఎక్కినా ఏమీ కాదు.

అవుతుంది. నాంపల్లిలో బయల్దేరి సికింద్రాబాద్ మీదుగా వెళ్లే రైళ్ల విషయంలో జనానికి ఈ అలవాటు బాగా ఉంది. బోర్డింగ్ స్టేషన్‌లో మీరు కనిపించకపోతే టికెట్లు చూసే టీటీఈ మిమ్మల్ని రానివాళ్ల కింద రాసుకుని, ఆ బెర్తు ఆర్‌ఏసీ వాళ్లకు (పూర్తి బెర్తు దొరక్క సీటు మాత్రమే ఉన్నవాళ్లకు) ఇచ్చేయవచ్చు. బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ సికింద్రాబాద్ అని పెట్టుకోండి. మరిచిపోతే తర్వాత గడువులోపల మార్చుకోవచ్చు. ఒకసారి మార్చాక మాత్రం పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు పోతుంది. చివరి నిమిషంలో మనసు మార్చుకుని నాంపల్లిలోనే ఎక్కేసేవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

అపోహ: సికింద్రాబాద్ బ్రిటిష్‌వాళ్లు తమ ఖర్చుతో కట్టించిన స్టేషన్.

కంటోన్మెంట్ పక్కన ఉండటంతో వచ్చిన భ్రమ. సైన్యం రాకపోకలకు ఈ లైను కావాలని బ్రిటిష్‌వాళ్లు కోరుకున్నారు, నిజమే. కానీ భారం మోసింది నిజాం ఖజానా. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజుల్లో, 1874లో వాడి (ఇప్పటి కర్ణాటకలోని ఊరు) – సికింద్రాబాద్ లైను మొదలైంది. బొంబాయి – మద్రాసు మార్గాన్ని అది వాడి దగ్గర కలిసింది. అంటే ఈ స్టేషన్ తొలి చూపు బొంబాయి వైపు. బెజవాడ వరకు లైను పూర్తయ్యేసరికి 1889 వచ్చింది. కాజీపేట – బల్హార్షా మార్గం 1929లో గానీ పూర్తికాలేదు. ఢిల్లీకి నేరుగా దారి పడింది అప్పుడే.

మధ్యలో లైనును, 1883లో లండన్‌లో ఏర్పడ్డ నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీకి అప్పగించారు. ఆ పేరులోని "గ్యారంటీ" అంటే వాటాదారులకు వడ్డీ చెల్లిస్తామని నిజాం సర్కారు ఇచ్చిన హామీ. లాభం వచ్చినా రాకపోయినా వాళ్ల వడ్డీ వాళ్లకు ముట్టాలి. ఈ బేరాన్ని ప్రశ్నించినందుకే సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయను రాజ్యం నుంచి పంపించేశారు. పోటీ పరీక్షలవాళ్లు చదివే చాందా (ఇప్పటి చంద్రపూర్) రైల్వే ఆందోళన ఇదే. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను తిరిగి తన చేతిలోకి తీసుకుంది. సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబర్ 2న.

అపోహ: ప్లాట్‌ఫాం టికెట్‌తో రైలెక్కేసి, లోపల టీటీఈ దగ్గర టికెట్ రాయించుకోవచ్చు.

ఈ టికెట్ రెండు గంటలపాటు ప్లాట్‌ఫాం మీద ఉండటానికే. మామూలు ధర 10 రూపాయలు, పండగ రద్దీలో జనాన్ని తగ్గించడానికి పెంచుతుంటారు. దాంతో రైలెక్కితే టికెట్ లేని ప్రయాణమే. చార్జీతో పాటు అంతే మొత్తం, లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అదనంగా కట్టాలి. కలిసొచ్చేది ఒక్కటే: చార్జీని రైలు బయల్దేరిన చోటు నుంచి కాకుండా ఈ స్టేషన్ నుంచి లెక్కగడతారు. బెర్తు సంగతి మరిచిపోండి.

అపోహ: జనరల్ టికెట్ రైల్లో కూర్చుని ఫోన్‌లో తీసుకోవచ్చు.

స్టేషన్ ఆవరణలోనూ పట్టాల దగ్గరా జీపీఎస్ దాన్ని అడ్డుకుంటుంది. బయటే తీసుకోవాలి, లేదా స్టేషన్‌లో అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. ఇలా తీసుకున్న పేపర్‌లెస్ టికెట్‌ను రద్దు చేసుకోవడం కుదరదు. చూపించాల్సింది యాప్‌లోని టికెట్, స్క్రీన్‌షాట్ చెల్లదు.

అపోహ: రైలు మూడు గంటలు దాటి ఆలస్యమైతే డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది.

రైలు పూర్తిగా రద్దయితే ఈ-టికెట్‌కు అలా వస్తుంది. ఆలస్యానికి రాదు. ప్రయాణం మానుకుంటే, రైలు మీ స్టేషన్ నుంచి కదలకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే ఆన్‌లైన్ దరఖాస్తు) వేయాలి. రైలు వెళ్లిపోయాక వేస్తే ఈ కారణం పనికిరాదు.

అపోహ: లోపలికి దారి ఒకటే.

ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు ప్రధాన ద్వారం, సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో, రేతిఫైల్ బస్టాండ్ ఉంటాయి. పదో నంబరుకు బోయిగూడ వైపు నుంచి రావడం తేలిక. ప్లాట్‌ఫాం నంబరు రైల్వేవాళ్ల రైలు సమాచార యాప్ ఎన్టీఈఎస్‌లో చూసుకుని బండిని ఆ వైపే ఆపించండి, పెట్టెలతో వంతెన ఎక్కే పని తప్పుతుంది. సామాను క్లోక్‌రూంలో పెట్టాలంటే టికెట్ ఉండాలి, ప్రతి సంచికీ తాళం ఉండాలి. తాళం లేని బ్యాగును తీసుకోరు, జిప్పుకి తాడు కట్టి బతిమాలినా సరే.